వసతిగృహే

మా నాయనగారి తిథినాడు, గ్వాంగ్‌జౌ నగరమునందలి లీవాన్ పేటలో, లిఫ్టు లేని యొక పాతమేడ ఆరవ అంతస్తున, తలారా స్నానముచేసి పీటమీద కూర్చుండి, ఆచమనము, ప్రాణాయామము ముగించి, సంకల్పము చెప్పుకొనబోయి నడుమ ఆగిపోతిని. మంత్రము మరచి ఆగలేదు. పుస్తకము ఎదుటనే తెరచియున్నది. నల్లనువ్వులకు లోటు లేదు; నల్లనువ్వులు మెత్తగా నూరి చక్కెరవేసి జావగా కాచుకొని త్రాగు ఊరిది, వీథిచివరి కొట్టులోనే దొరకును. దర్భలు మాత్రము క్రిందటిసారి దేశమునుండి తెచ్చుకొన్న కట్టలోనివి. భోక్తలు లేరు, మంత్రము చెప్పించువారు లేరు గనుక, తిలతర్పణముతో సరిపుచ్చి, దక్షిణను ఊరికి పంపు ఏర్పాటు చేసికొంటిని. సమస్తము సమకూడిన పిమ్మట, ఏ ఊరిలో, ఎవరి ఇంట కూర్చుండి ఈ నీరు విడుచుచున్నానో చెప్పవలసిన తావున నోరు ఆగెను.

ఆ పుస్తకము నాయనగారిది. తెలుగునాట పూజాపుస్తకములు వాడినవారందరికి ఎరుకైన సంగతి యొకటి కలదు: సంకల్పములో ఇంటి ప్రస్తావన వచ్చుచోట, సొంతయిల్లు గలవారు ‘స్వగృహే’ అనియు, అద్దెయింట నుండువారు ‘వసతిగృహే’ అనియు చెప్పుకొనవలెనని కుండలీకరణములలో చిన్న అక్షరములతో అచ్చువేయుదురు. నాయనగారు ఇరువదియేండ్లు అద్దెకొంపలలో కాలము గడిపి, 1974లో గుడివాడలో మూడుగదుల పెంకుటిల్లు కట్టుకొన్ననాడు, ఆ రెండవమాటను పెన్సిలుతో అడ్డముగా కొట్టివేసి, ప్రక్కన గృహప్రవేశపు తేదీ వేసికొనిరి. ఆ గీత ఇప్పటికిని చెదరలేదు. ఇల్లు మాత్రము ఆయన పోయిన మూడవయేట అమ్ముడుపోయినది. అమ్మినది నేనే.

సంకల్పమును మనము తొందరగా నడిపించివేయు పీఠికగా భావింతుము గాని, యోచించి చూచిన కర్మకు అదియే ప్రాణము. ఏ కల్పము, ఏ మన్వంతరము, ఏ యుగము, ఏ పాదము అని కాలమును, ఏ ద్వీపము, ఏ వర్షము, మేరువునకు ఏ దిక్కు, శ్రీశైలమునకు ఏ మూల, ఏ రెండు నదుల నడుమ అని దేశమును పేర్కొనుచు, మహత్తునుండి అల్పమునకు మెట్టుమెట్టుగా దిగి, తుదకు కూర్చున్న ఇంటిదాక వచ్చి, అప్పుడుగాని కర్త తన గోత్రనామములు చెప్పుకొనడు. అనంతమైన కాలములో నిది, అపారమైన దేశములో నిది, ఇందులో నేనింత అని ఒప్పుకొనిన పిమ్మటనే వానికి సంకల్పించు అధికారము వచ్చును. చీనావారు ఉత్తరముపై చిరునామా వ్రాయు క్రమమును చూచిననాడు నాకీ సంగతి చప్పున స్ఫురించెను. మనము తపాలాకార్డుమీద మనిషిపేరుతో మొదలిడి, ఇంటినెంబరు, వీథి, ఊరు, జిల్లా అని పైకెక్కుదుము. వారు దేశము, మండలము, నగరము, పేట, వీథి, మేడ, అంతస్తు, గది అని క్రిందికి దిగి, చిట్టచివర మనిషిపేరు వ్రాయుదురు. వారి కవరుమీద ప్రతిదినమును సంకల్పమే.

ఆగిన చోటనుండి ఒక్కొక్క మాటనే తరచి చూచుకొంటిని. మేరువునకు దక్షిణము: అది తప్పుకాదు. శ్రీశైలమునకు ఈశాన్యము: ఇచ్చట నవ్వువచ్చెను. గుడివాడలో నాయనగారు చెప్పినదియు ఈశాన్యమే. పటము తీసి చూడగా, పదునారవ అక్షాంశముమీది శ్రీశైలమునకు ఇరువదిమూడవ అక్షాంశముమీది ఈ రేవుపట్టణము కూడ, తూర్పునకు బహుదూరము జరిగిన ఈశాన్యమే. ఈశాన్యము ఎంతదూరమువరకో పెద్దలు ఎచ్చటను చెప్పినట్లు లేదు. నదులా? కృష్ణాగోదావరులకు మారుగా పడమటియేరు, ఉత్తరపుటేరు, తూర్పుటేరు అను మూడును ఇచ్చటి డెల్టాలో కలిసికొని జూజియాంగ్ అగుచున్నవి. జూ అనగా ముత్యము, కనుక ముక్తానదియని సంస్కృతీకరించుకొనుటకు వ్యాకరణము అడ్డురాదు. అమెరికాలోని మనవారు క్రౌంచద్వీపమని చెప్పుకొనుచుండగా, నాకీ పాటి స్వాతంత్ర్యము చెల్లును. భరతవర్షము అను మాటను విడువవలసివచ్చెను, విడిచితిని. ఇక మిగిలినది ఇల్లు.

ఇంటినిగూర్చి ఈ దేశపు ప్రభుత్వము నాకెంతమాత్రము సందేహము మిగులనీయలేదు. 2013 జూలై మొదటితేదీన అమలునకు వచ్చిన శాసనము ననుసరించి, హోటలులోగాక వేరుచోట దిగిన విదేశీయుడు ఇరువదినాలుగు గంటలలోపల దగ్గరి పోలీసుఠాణాలో తన నివాసమును నమోదు చేయించుకొనవలెను. అద్దె ఒడంబడిక, పాస్‌పోర్టు పట్టుకొని, ఇంటి యజమానిని వెంటబెట్టుకొని మొదటిసారి పోయిననాడు, బల్ల కావలనున్న యువతి నా పేరులో ఏది ఇంటిపేరని అడిగెను. మొదటిదని చెప్పగా తలయూపి, మరల పాస్‌పోర్టు చూచి, ఆంగ్లేయులవలె చివర గదా ఉండవలెనని సంశయించెను. మావారును మీవలెనే ఇంటిపేరును ముందుంచుకొందురని చెప్పితిని. ఆమెకు సంతోషమైనది, నాకు మాత్రము తిరుగుదారిలో మెట్లెక్కుచు ఆ మాటయే చెవిలో మ్రోగెను. ఇంటిపేరు! ఇల్లు పోయినను పేరులో ఇల్లు మిగిలియుండు జాతి మనది. ఆ ఇంటిపేర్లలో ఎన్నియో ఊరిపేర్లే. ఆ ఊరిని ఏ తాతముత్తాత విడిచెనో, ఎందుకు విడిచెనో ఇంటనెవ్వరికిని తెలియదు. అనగా మన ఇంటిపేరు ఒకనాడు ఎవరో ఇల్లు విడిచివచ్చినారనుటకు సాక్ష్యము.

ఆ యువతి ముద్రవేసి యిచ్చిన కాగితము పేరు ‘తాత్కాలిక వసతి నమోదుపత్రము’. ఏడాది యున్నను, పదియేండ్లున్నను, ఆ కాగితముమీద తాత్కాలికమను మాట మారదు. ఉద్యోగమునకై ఇచ్చు నివాసానుమతి కనీసము తొంబదిదినములు, గరిష్ఠము ఐదేండ్లు. దానిమీద అది ఏనాటితో చెల్లిపోవునో తేదీ యుండును. మనవారు ఒక్కరాత్రి నిలుచువానినే అతిథియన్నారు. నిలుకడలేనివాడు గనుక వానికాపేరు వచ్చెనని మనుధర్మశాస్త్రము చెప్పును. వచ్చుటకును పోవుటకును తిథి నియమము లేనివాడని లోకములో వ్యుత్పత్తి చెప్పుకొందురు. మరి నేనో? ఒక్కరాత్రివాడను కాను గనుక అతిథిని కాను. ఇల్లు నాది కాదు గనుక గృహపతిని కాను. పోవలసిన తిథి పాస్‌పోర్టులో ముద్రింపబడియున్న విచిత్రజీవిని. ఇంకొక మాట. తెలుగువారి ఇండ్లలో ‘తిథి’ యనగా ముందుగా మనసునకు తట్టునది పంచాంగము కాదు, చనిపోయినవారి దినము. బ్రదికియున్నంతకాలము మనిషికి తిథి లేదు. పోయిననాడే వానికొక తిథి ఏర్పడి, ఏటేట అది వానిని వెదకికొనుచు వచ్చును. ఈ లెక్కను జీవించియున్నవాడెల్ల అతిథియే. ఆ సంగతి సొంతయింటివానికి గోడలు మరపించును. పరదేశికి అది ముద్రవేసి చేతికియ్యబడును. ఇంతే భేదము.

అయినను శాస్త్రము నా పక్షమున లేదని చెప్పువారు కలరు. వారి మాటను దాటవేయుట న్యాయము కాదు. మ్లేచ్ఛదేశమున శ్రాద్ధము చేయరాదని విష్ణుస్మృతి స్పష్టముగనే నిషేధించినది. కృష్ణసారమృగము స్వేచ్ఛగా తిరుగాడు నేలయే యజ్ఞార్హమనియు, దాని కావలిది మ్లేచ్ఛభూమియనియు మనువు నిర్ణయము. ఆర్యావర్తమునకు ఆయన గీచిన ఎల్ల హిమవద్వింధ్యముల నడుమ. ఈ వాక్యములను చదివినపుడు నాకు మొదట దిగులు కలిగెను. పిదప మన చరిత్ర జ్ఞాపకము వచ్చెను. వింధ్యమునకు దక్షిణమున కృష్ణయొడ్డున కూర్చుండి ఈ ఎల్లను చూపి ఇతరులను వెలివేయు మనము, ఆ ఎల్లకు ఏ ప్రక్కన ఉన్నాము? ఆంధ్రశబ్దము తొలుత వినబడు ఐతరేయబ్రాహ్మణమున, తండ్రిమాట పాటింపని విశ్వామిత్రుని పెద్దకొడుకుల సంతతిగా, పుండ్రులతోను శబరులతోను పుళిందులతోను మూతిబులతోను జతపడి, అంచులయందు నివసించువారి పట్టికలో మనవారు కనబడుదురు. వాఙ్మయములో మన మొట్టమొదటి చిరునామా పొలిమేర ఆవల. ఆ పొలిమేరవారే పిదప ఆపస్తంబసూత్రమును గుండెకు హత్తుకొని, వేదమును స్వరము తప్పకుండ కాపాడిరి. నేల తనంత తాను యజ్ఞార్హమైనది కాదు; చేసినవారు చేయగా చేయగా అయినది.

చిత్రమేమనగా, ఈ నగరము చరిత్రయు అట్టిదే. ఇది యున్న ప్రాంతమును లింగ్‌నాన్ అందురు. కొండలకు దక్షిణపుదని అర్థము. ఉత్తరదేశపు రాజధానులలోని పండితులకు ఇది చిరకాలము ఆటవికుల సీమ, ప్రభువు ఆగ్రహించిన అధికారులను పంపివేయు తావు. మహాకవి సూ షీ 1094లో దక్షిణమునకు వెడలగొట్టబడి, 1100లో తిరుగుప్రయాణమున ఈ ఊరి యొక ఆలయమున ఆరు మఱ్ఱిజాతి వృక్షములను చూచి ముచ్చటపడి రెండక్షరములు వ్రాసి యిచ్చెను; నేటికిని ఆ ఆలయము ఆరుమఱ్ఱుల పేరనే పిలువబడుచున్నది. ఏడవశతాబ్దిలో ఈ ప్రాంతపు కట్టెలమ్ముకొను యువకుడొకడు, చదువురానివాడు, ఉత్తరమునకు పోయి ధ్యానసంప్రదాయపు ఐదవ గురువునెదుట నిలువబడగా, దక్షిణపు ఆటవికునకు బుద్ధత్వమేమిటని గురువు పరీక్షించెనట. మనుష్యులకు ఉత్తరదక్షిణములు కలవుగాని బుద్ధస్వభావమునకు దిక్కులెక్కడివని ఆ యువకుడు బదులు చెప్పెనట. హ్వైనెంగ్ అను నాతడే ఆరవ గురువైనాడు. మ్లేచ్ఛదేశమును గూర్చిన ప్రశ్నకు ఇంతకంటె సూటియైన సమాధానమును నేనెరుగను. అది మ్లేచ్ఛుడని పిలువబడినవాని నోటినుండియే వెలువడుట తగియున్నది.

ఆ హ్వైనెంగ్ 676లో శిరోముండనము చేయించుకొన్న గ్వాంగ్‌షియావ్ ఆలయము మా ఇంటికి నడచిపోవునంత దూరము. ఆదివారములందు అచ్చటికి పోవుట నాకలవాటు. లోపల నొక బోధివృక్షము కలదు. రావియాకు తోక చివర సన్నగా సాగి గాలిలేకున్నను కదలుట చిన్నప్పటినుండి చూచినవాడను గనుక, తొలిసారి ఆ చెట్టుక్రింద నిలిచినపుడు ఎవరో తెలిసినవారు ఎదురైనట్లయ్యెను. 502లో భరతఖండమునుండి వచ్చిన భిక్షువొకడు దీని మూలవృక్షమును నాటెనని ఐతిహ్యము. గాలికి పతాక కదలుచుండగా, కదలునది గాలియా పతాకయా అని ఇరువురు భిక్షువులు వాదులాడుకొనిన కథయు, కదలునవి వారి మనసులేయని హ్వైనెంగ్ తేల్చిన కథయు ఈ ప్రాంగణమునకు చెందినవే.

నాకు మాత్రము ఆ కథకంటె, అంతకు నూరేండ్లకు పైబడి ముందు ఇదే తావున కాలము గడిపినవాడని చెప్పబడు మరొకని కథ మిక్కిలి ఆప్తము. ఆయన ఉజ్జయినివాడు, పరమార్థుడు. 546లో గ్రంథములు మోసికొని సముద్రముమీదుగా ఈ దక్షిణతీరమున దిగెను. రాజధాని చేరినంతలోనే తిరుగుబాటు రేగి దేశము అల్లకల్లోలమయ్యెను. ఊరినుండి ఊరికి పరుగులెత్తుచు, ఆదరించువాడొకడు పడిపోగా మరొకని నీడన చేరుచు, దొరికిన తావున దొరికినంత అనువదించుచు పదునారేండ్లు గడిపి, విసిగి, 562లో స్వదేశమునకు ఓడయెక్కెను. గాలి తిరిగెను. ఓడను తెచ్చి మరల గ్వాంగ్‌జౌ ఒడ్డున పడవైచెను. ఇది తన కర్మయని తలంచి ఇచ్చటనే నిలిచి, వసుబంధుని అభిధర్మకోశమును, అసంగుని మహాయానసంగ్రహమును చీనాభాషలోనికి తెచ్చి, ప్రాణము తీసికొనవలెనన్నంత దుఃఖమునకును ఒకమారు లోనై, 569లో ఇచ్చటనే దేహము విడిచెను. రేవులో ఓడదిగినపుడు ఆయన ఏమనుకొనెనో ఎవ్వరును వ్రాయలేదు. ఇంటికని బయలుదేరినవానిని అద్దెయింటిముందు దింపిన ఆ గాలి, పతాకను కదలించిన గాలికంటె నాకు పెద్దప్రశ్న. పరమార్థుడు ఈ రెండు అనువాదములను చేసినది ఇల్లు చేరినపుడు కాదు, ఇల్లు చేరలేనని తెలిసినపుడు. పరదేశి చేయగల పనియే వానికొక ఇల్లైనది.

ఈ ఆలయములలోనే మరియొక సంగతి నా కండ్లు తెరిపించెను. సప్తమమాసపు ఉల్లంబనోత్సవమునాడు, మౌద్గల్యాయనుడు ప్రేతలోకమునుండి తల్లిని ఉద్ధరించిన కథను స్మరించుచు, పితరులకై పాఠములు చదువుదురు. చనిపోయినవారి పేర్లు పసుపుకాగితములమీద, బ్రదికియున్నవారి పేర్లు ఎఱ్ఱకాగితములమీద గోడలనిండ వ్రేలాడుచుండును. భిక్షువొకడు మోకరిల్లి, పసుపుపచ్చని విన్నపపత్రమును చేతపట్టి, రాగముతీయుచు చదువుచుండగా, ‘నాన్ జాన్‌బు జౌ’ అను ధ్వని చెవిని పడెను. ప్రక్కనున్న నా సహోద్యోగి నడిగితిని. దక్షిణ జంబూద్వీపమని అర్థమట. జంబూద్వీపమని మొదలిడి, దేశము, మండలము, నగరము, వీథి, ఇంటినెంబరు వరకు దిగి, అచ్చట నివసించు ఫలానావారు తమ పితరులకై ఈ పుణ్యము సమర్పించుచున్నారని చదువుట అచ్చటి పరిపాటి. నేను దిగ్భ్రాంతుడనైతిని. మనదనుకొన్న జంబూద్వీపములో వీరు వేయేండ్లకు పైగా చిరునామా పెట్టుకొని కూర్చున్నారు. ద్వీపమును దాటివచ్చితినని దిగులుపడుచున్న నేను దానిని దాటనేలేదు. మనవైపునుండియు ఈ బాంధవ్యమునకు ఆధారము కలదు: మూడవశతాబ్దిలో ఇక్ష్వాకులకాలమున నాగార్జునకొండయందు బోధిసిరి యను ఉపాసిక చెక్కించిన శాసనము, ఆచార్యులు శ్రద్ధ కలిగించిన దేశముల పట్టికలో చీనాను పేర్కొనుచున్నది. కృష్ణయొడ్డు రాతిమీద ఆ పేరు ఉన్నప్పుడు, ముక్తానదియొడ్డున కృష్ణపేరు చెప్పి నీరు విడుచుటకు సిగ్గెందుకు?

ఇంతవరకు చెప్పినది ఒకవైపు. ‘అందరమును పరదేశులమే’ యను వేదాంతము చెప్పుట సులభము. అది సోమరితనమునకు ముసుగగుటయు సులభమే. తాత్కాలికుడను కదాయని పరదేశి ఊరిని తిండిబండివలె చూచును: రుచిచూచి, వంకలుపెట్టి, చేతులు తుడుచుకొని పోవును. ఎండలనుగూర్చి సణుగును, పదియేండ్లకును పొరుగువాని పేరడుగడు. గ్రామమున ఒక్కరాత్రికి మించి నిలువరాదను నియమము సన్న్యాసికి చెల్లును. వానికి పొయ్యి లేదు, ఋణములు లేవు. పొయ్యి వెలిగించి, అద్దె చెల్లించి, చెత్తబుట్ట మెట్లక్రింద పెట్టువాడు గృహస్థుడే; వానికి నేలయొక్క ఋణము కూడ కలదు. ఈ పాఠము నాకు నేర్పినది శాస్త్రము కాదు, ఎదుటి వాటాలోని ముసలమ్మ.

ఆమెను అందరును పోపో అందురు. కాంటనీసు భాషలో అమ్మమ్మయని. నన్నామె లెంగ్‌జాయ్ అని పిలుచును; అందగాడని అర్థము. నెరసిన తలతో తొలిదినములలో ఆ మాటకు మురిసితిని గాని, ఈ ఊరి కూరగాయల బజారులో మగవారందరును లెంగ్‌జాయ్‌లేయని త్వరలోనే తెలిసెను. పోపో గుమ్మముప్రక్కన, నేలకానుకొని, జానెడు ఎఱ్ఱపలక యొకటి కలదు. దానిమీద వాకిటి భూదేవత పేరు బంగారుపూత అక్షరములతో నుండును. ఎదుట ఇసుకపోసిన గిన్నె. ఉదయసాయంకాలములు ఆమె నడుము వంచి మూడు అగరువత్తులు గ్రుచ్చును. మన వాస్తుపురుషుడును, క్షేత్రపాలకుడును, పొలిమేర దేవతయు కలిసి జానెడు పలకలో ఒదిగినట్లుండును. ఒకనాడు ఆమె, మలేసియాలో స్థిరపడిన తన చెల్లెలి ఇంటి ఛాయాచిత్రము చూపెను. అచ్చటి పలక పెద్దది. అందులో ‘థోంగ్ ఫాన్’ అను రెండక్షరములను వ్రేలితో తట్టి చూపించెను. థోంగ్ అనగా చీనావారు. ఫాన్ అనగా పరదేశీయులు. ఇటువారికిని అటువారికిని చెందిన నేలదొరకు మ్రొక్కు అని దాని భావము. వలసపోయి పరాయినేలమీద ఇల్లు కట్టుకొన్న చీనావారు, తమకంటె ముందు ఆ నేలనేలిన దేవతను వెడలగొట్టక, పేరైనను తెలియని ఆ దొరను తమ దేవతతోపాటు ఒకే పలకమీద కూర్చుండబెట్టి అగరువత్తు వెలిగించిరి.

ఆ ‘ఫాన్’ అను మాటయే వేయేండ్లకు ముందు థాంగ్‌వంశపు రోజులలో ఈ ఊరిలో అరబ్బులు, పారసీకులు కాపురముండిన పేట పేరులోను కలదు. నేడు బజారులో టమాటా పండును ‘ఫాన్‌కే’ యందురు, పరదేశపు వంకాయ యని. చిలగడదుంపయు ఫాన్ దుంపయే. మనము సీమచింత, సీమవంకాయ అనినట్లే. రాయలసీమలో బత్తాయిని చీనీకాయ యనినట్లే. పరదేశపుదను పేరు నుదుట నుండగనే ఆ దుంప వారి జావలో, ఆ పండు వారి గ్రుడ్డుకూరలో కలిసిపోయినవి. పేరు మారకున్నను కడుపు నింపుట ఆపలేదు.

సప్తమమాసము పదునాల్గవ రాత్రి పోపో మేడ దిగి, కాలిబాట అంచున పాత రేకుడబ్బాలో కాగితపు బట్టలు కాల్చెను. ప్రక్కన అన్నము, పెసరమొలకలు, సోయాగడ్డముక్కలు, కొన్ని చిల్లరనాణెములు చల్లెను. తన పెద్దలకు ఇంటిలో వేరుగా పెట్టుకొన్నది. ఇవి ఎవరికని అడిగితిని. ఎవరును లేనివారికని చెప్పెను. దారిలో పోయినవారు, బిడ్డలు లేనివారు, ఊరు చేరలేకపోయినవారు. ఆ మాట వినగానే, తర్పణము చివర, తల్లిలేక, తండ్రిలేక, బంధువులులేక, గోత్రమే తెలియక పోయినవారికని మనవారు విడువమన్న నీరు జ్ఞప్తికి వచ్చెను. చిన్నతనమున నేను దానిని తొందరగా ముగించు భాగమని తలచితిని. ఆ రాత్రి, మంట వెలుగులో ఆమె ముఖము చూచుచు, శ్రాద్ధమంతటికిని అదియే శిఖరమేమోయని తోచెను. మన తండ్రికి మనము పెట్టుకొనుటలో ఋణము కలదు; ఎవరికో తెలియనివానికి పెట్టుటలోనే ధర్మము కలదు. పరమార్థునివంటివారెందరు ఈ రేవున ఆ చల్లిన మెతుకులకు పాత్రులైనారో ఎవరెరుగుదురు? నేనును రేపు వారిలోనివాడనే కావచ్చును. అపుడు నాకు పెట్టువారు నా గోత్రమువారు కారు, ఈ వీథివారు.

ఈ ఊరిలో పరదేశి నేనొక్కడనే కాననియు అప్పుడే గమనించితిని. 2020 జనగణనలో గ్వాంగ్‌జౌ జనాభా ఒక కోటి ఎనుబదియారు లక్షలు. వారిలో సుమారు సగముమంది ఈ ఊరి నివాసపట్టా లేక, ఇతర ప్రాంతములనుండి వచ్చినవారే. ఎవరినైనను పలుకరించిన, ‘మీ లావ్‌జియా ఏది?’ అని అడుగుదురు. లావ్‌జియా యనగా పాతయిల్లు. పుట్టుక ఇచ్చటనేయైనను, తాతపుట్టిన ఊరే లావ్‌జియా. వసంతోత్సవమునకు వీథులు ఖాళీయై, సగము కొట్లు మూతపడినపుడు, ఈ మహానగరమంతయు ఒక పెద్ద వసతిగృహమని తెలియును.

ఇక తిథి సంగతి. ఆ యేడు మరియొక చిక్కు వచ్చెను. తిథి మారు క్షణము లోకమంతటికిని ఒక్కటే. కాని శ్రాద్ధమునకు అపరాహ్ణమున తిథి యుండవలెను. ఇచ్చటి గడియారము మనకంటె రెండున్నర గంటలు ముందు. ఇచ్చట మధ్యాహ్నము ఒంటిగంట యైనపుడు గుడివాడలో పదిన్నర. అచ్చటి అపరాహ్ణమునకు వచ్చు తిథి ఇచ్చటి అపరాహ్ణమునకు ఇంకను రాకపోవచ్చును. మా పురోహితులకు ఫోను చేసితిని. ఎనుబది దాటినవారు, నాయనగారి గృహప్రవేశము చేయించినవారు వారే.

“గుడివాడ లెక్కన చెయ్యాలా, ఇక్కడి లెక్కనా, మావయ్యగారూ?”

“పంచాంగం ఏ ఊరిదైనా పొద్దు నువ్వున్న చోటిదే కదరా నాయనా. నీకు ఏ సూర్యుడు కనబడుతున్నాడో వాడే సాక్షి. అక్కడి లెక్కనే చెయ్యి.”

“మరి సంకల్పంలో ఇల్లు?”

కొంతసేపు వారేమియు అనలేదు. “ఉన్నది ఉన్నట్టు చెప్పు. అబద్ధం చెబితే ఆ నీళ్లు ఎక్కడికి చేరాలో వాటికి తెలియదు” అనిరి.

అందుకనియే ఆనాడు ఆగితిని. ఆగి, నాయనగారి గీతను చూచితిని. సొంతయిల్లు కట్టుకొనుట తప్పని నేననను. ఆ గీత గీసిననాటి ఆయన సంతోషమును నేను పిల్లవాడనై చూచినవాడను. కాని ‘స్వగృహే’ యని నలుబదియేండ్లు పలికిన ఆ కంఠము ఇప్పుడు ఎచ్చటనున్నది? ఆ ఇంటిలో నేడెవరో ‘స్వగృహే’ యని చెప్పుకొనుచుందురు. వారిదియు సత్యమే, వారి తిథి వచ్చువరకు. నేను దర్భలు పరచి, పేరు పలికి పిలిచిన యంతసేపు, ఆయనకును ఈ అద్దెగదియే వసతి. నాయన నా ఇంటికి రాగా, ఆయనను దింపుకొనుటకు నాకు ఇల్లు లేదని ఎట్లు చెప్పుదును? ఇది నాది కాదనియు, ఇచ్చటనే ఉన్నాననియు, రెండును ఒక్కమాటలో చెప్పవలెను. ఆ మాట పుస్తకములో సిద్ధముగనే ఉన్నది.

జందెము కుడిభుజముమీదికి మార్చుకొంటిని. ఎదుటి గుమ్మమునుండి పోపో అగరువత్తుల పొగ తలుపుసందున లోనికి వచ్చుచున్నది. గీతను చెరుపలేదు. పెన్సిలు క్రింద అక్షరములు స్పష్టముగనే కనబడుచున్నవి. కొట్టివేసిన ఆ మాటనే పైకి చదివి, నువ్వులతో నీరు విడిచితిని.